తల్లి కోసం గీసిన బొమ్మ: పద్దెనిమిదో శతాబ్దపు బ్రిటిష్ చిత్రకళలో పిల్లల రూపచిత్రాలు

హైదరాబాదులో ఈస్టిండియా కంపెనీ రెసిడెంటుగా ఉన్న జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్‌కూ, ఆయన భార్య ఖైరున్నీసాకూ పుట్టిన ఇద్దరు పిల్లలను జార్జ్ చినరీ 1805లో మద్రాసులో చిత్రించాడు. అబ్బాయికి అప్పుడు నాలుగేళ్ళు, అమ్మాయికి మూడు. ఇద్దరూ హైదరాబాదు దర్బారు దుస్తుల్లో మెట్ల మీద నిలబడి ఉంటారు. అబ్బాయి ఒంటి మీద జరీ అంచుల ఎర్రటి జామా, నడుముకు పట్టీ, మెడలో ముత్యాల దండలు, తలపై మెరిసే టోపీ, కాళ్ళకు కొన వంపు తిరిగిన జోళ్ళు. చెల్లెలు ఒక మెట్టు పైన నిలిచి అన్న భుజం చుట్టూ చెయ్యి వేసి ఉంటుంది. అన్న బెదురు లేకుండా నేరుగా చూస్తున్నాడు. చెల్లెలి చూపు కిందికి వాలి ఉంది. అప్పుడే ఏడుపు ఆపిన పిల్ల ముఖంలా ఉంటుంది ఆ ముఖం.

ఇంట్లో వారి పేర్లు సాహిబ్ ఆలం, సాహిబ్ బేగం. 1805 సెప్టెంబరులో లార్డ్ హాక్స్‌బరీ అనే ఓడలో, రెసిడెన్సీ వైద్యుడి భార్య తోడుగా, వారిని ఇంగ్లండులోని తాతగారి ఇంటికి పంపారు. తల్లి వారిని మళ్ళీ చూడలేదు. బొమ్మ మాత్రం హైదరాబాదులో ఆమె దగ్గరికి చేరింది.

కాలెండరు లెక్కన ఇది పంతొమ్మిదో శతాబ్దపు చిత్రమే. కాని దాన్ని గీసిన చేయి మాత్రం పద్దెనిమిదో శతాబ్దానిది. చినరీ 1774లో లండన్‌లో పుట్టాడు. రాయల్ అకాడమీ తొలి అధ్యక్షుడు జాషువా రెనాల్డ్స్ చనిపోయిన 1792లోనే అక్కడి పాఠశాలలో చేరాడు. 1802 చివర మద్రాసులో దిగాడు. మెట్లు, నిలువెత్తు భంగిమ, పిల్లలకు పెద్దల హుందాతనం ఇవ్వటం, ఇవన్నీ ఆ పాఠశాల నేర్పిన పద్ధతులే. అందువల్ల ఈ చిత్రాన్ని బ్రిటిష్ బాలచిత్ర సంప్రదాయానికి దూరపు శాఖగా కాక, ఆ సంప్రదాయం లోపలి స్వభావాన్ని బయటపెట్టే చిత్రంగా చదవవలసి ఉంది. ఆ చదువు ఒక చిన్న ప్రశ్నతో మొదలవుతుంది. పిల్లల బొమ్మ ఎవరు చూడటానికి గీస్తారు?

బాల్యాన్ని కనుగొన్న శతాబ్దమా?

కళాచరిత్ర చెప్పే కథ అందరికీ తెలిసినదే. పదిహేడో శతాబ్దం దాకా యూరపు చిత్రాల్లో పిల్లలు కురచ మనుషులు: పెద్దల బట్టలు, పెద్దల నిలకడ, వంశానికి వారసులన్న గుర్తింపు. 1693లో జాన్ లాక్ విద్య గురించి రాసిన పుస్తకం, 1762లో రూసో రాసిన ‘ఎమీల్’ పిల్లల పట్ల చూపును మార్చాయి. పిల్లల బట్టలు వదులయ్యాయి, ఆటలకు గౌరవం వచ్చింది, చిత్రకారులు పిల్లలను తోటల్లోకి, కుక్కపిల్లల దగ్గరికి తీసుకుపోయారు. ఫ్రెంచి చరిత్రకారుడు ఫిలిప్ ఆరియెస్ 1960లో ప్రచురించిన గ్రంథంలో, బాల్యం అనే భావమే చరిత్రలో క్రమంగా ఏర్పడినదని వాదించినప్పటి నుండి ఈ చిత్రాలన్నీ ఆ వాదానికి సాక్ష్యాలుగా నిలుస్తూ వచ్చాయి. రెనాల్డ్స్ 1775లో గీసిన ‘మిస్ బౌల్స్’లో కుక్కను గట్టిగా కౌగిలించుకున్న పాపను చూస్తే ఈ కథను కాదనటం కష్టం.

కథ తప్పు కాదు, సగమే. ఆ సగానికి చిహ్నంగా నిలిచిన చిత్రం రెనాల్డ్స్‌దే, లండన్ టేట్ సంగ్రహంలోని ‘ది ఏజ్ ఆఫ్ ఇన్నొసెన్స్’. చెట్టు కింద, తెల్లటి గౌనులో, చేతులు గుండెకు చేర్చుకుని పక్కకు చూస్తున్న చిన్నపిల్ల. అమాయకత్వానికి ప్రతీకగా వందల ప్రతుల్లో అచ్చయి ఇళ్ళ గోడలకెక్కింది. ఐతే ఆ పేరు రెనాల్డ్స్ పెట్టినది కాదు. ఆయన చనిపోయాక 1794లో వెలువడిన చెక్కుడు ప్రతితో అది స్థిరపడింది. చిత్రకారుడు గీసినది ఒక పిల్లను. అమ్మకానికి పెట్టినవారు ఆమెను ఒక భావంగా మార్చారు. పిల్ల పేరు పోయింది, భావం మిగిలింది. బాలచిత్రాల గురించి జరిగిన చర్చలో చాలా భాగం ఆ పేరుకే బందీ అయిపోయింది.

మరణం తెలిసిన ఇళ్ళు

అమాయకత్వం అనే మాట పక్కన పెట్టి చూస్తే ఈ చిత్రాల్లో మొదట కనిపించేది కాలం గురించిన భయం. విలియం హోగార్త్ 1742లో గీసిన ‘ది గ్రేహం చిల్డ్రన్’ లండన్ నేషనల్ గేలరీలో ఉంది. తండ్రి డేనియల్ గ్రేహం ఔషధాలు తయారుచేసే అపోతెకరీ, రాజుగారి కొలువులో పనిచేసినవాడు. చిత్రంలో నలుగురు పిల్లలు. పెద్దమ్మాయి చేతిలో చెర్రీలు. అబ్బాయి చేతిలో పక్షిపాటను అనుకరించే చిన్న వాయిద్యం. పంజరంలోని పిట్ట తన సంగీతానికే పాడుతోందని వాడి సంబరం. పిట్ట అరుస్తున్నది కుర్చీ వెనుక నుండి పైకెక్కి పంజరం వైపు కళ్ళు పెద్దవి చేసి చూస్తున్న పిల్లిని చూసి. గడియారం మీద కొడవలి పట్టిన చిన్న బొమ్మ ఉంది. గౌను తొడిగి బండిలో కూర్చోబెట్టిన పసివాడు థామస్, చిత్రం పూర్తయ్యేనాటికే చనిపోయాడు.

హోగార్త్ ఇక్కడ చేసినది జాలి పుట్టించటం కాదు. పిల్లవాడికి కనిపించని పిల్లి చూసేవారికి కనిపిస్తుంది. పిల్లల ఆనందం, దాన్ని చూసే పెద్దల ఎరుక, ఈ రెంటి మధ్య దూరమే ఈ చిత్రం వస్తువు. మందులు తయారుచేసే ఇంట్లో కూడా పసివాణ్ణి దక్కించుకునే మందు లేదు. మశూచికి టీకా రావటానికి ఇంకా యాభై ఏళ్ళు పైగా ఉంది. జెన్నర్ ప్రయోగం 1796 నాటిది. అతిసారం, కోరింతదగ్గు, పొంగు, జ్వరాలు ధనికుల ఇంటినీ పేదల ఇంటినీ ఒకే తీరుగా తట్టేవి. ఆ కాలపు తల్లిదండ్రులకు పిల్లలు తరచుగా పోతారు కనుక వారి మీద అంత మమకారం ఉండేది కాదని ఒకప్పుడు కొందరు చరిత్రకారులు అన్నారు. గ్రేహం పిల్లల చిత్రం ముందు ఆ మాట నిలబడదు. చనిపోయిన పసివాణ్ణి బతికున్న తోబుట్టువుల మధ్య, బంగారు పూత బండిలో కూర్చోబెట్టి అంత పెద్ద చిత్రం వేయించుకున్న ఇంట్లో మమకారం తక్కువని అనలేం.

గేన్స్‌బరో 1756 ప్రాంతంలో తన కూతుళ్ళు మేరీ, మార్గరెట్‌లను సీతాకోకచిలుక వెంట పరుగెడుతున్నట్టు గీశాడు. చిలుక వాలినది ముళ్ళ మొక్క మీద. చిన్నది చెయ్యి చాచింది. ముల్లు గుచ్చుకోవటానికి క్షణం ఉంది. చిత్రం అసంపూర్తిగానే మిగిలింది. పెద్దకూతురు మేరీని తర్వాతి కాలంలో మానసిక వ్యాధి కమ్మేసింది. అక్కాచెల్లెళ్ళిద్దరూ చివరిదాకా కలిసి బతికారు. తండ్రికి అదేదీ ముందే తెలియదు. ఐనా ఆ చిత్రంలో జోస్యం వెతికేవారు ఉన్నారు. అది సరైన విమర్శ కాదు. అక్కడున్నది జోస్యం కాదు, ప్రతి తండ్రికీ ఉండే మామూలు బెంగ. 1794లో థామస్ లారెన్స్ గీసిన ‘పింకీ’లోని బాలిక మరుసటి ఏడు పన్నెండేళ్ళకే చనిపోయింది. జమైకాలో పుట్టి చదువుకోసం ఇంగ్లండు చేరిన పిల్ల ఆమె. బొమ్మ కావాలని అడిగినది జమైకాలోనే ఉండిపోయిన అమ్మమ్మ. సముద్రానికి అవతల ఉన్న ఒక ముసలామె చూసుకోవటానికి గీసిన చిత్రం అది. నేడు అది గులాబీ రంగు రిబ్బన్ల అందానికే ప్రసిద్ధం.

గుడ్డపీలికలు, కొత్త పేర్లు

హోగార్త్ పిల్లల చిత్రకారుడు మాత్రమే కాదు. థామస్ కోరం 1739లో రాజపత్రం పొంది స్థాపించిన ఫౌండ్లింగ్ ఆసుపత్రికి ఆయన పాలకవర్గ సభ్యుడు. పెంచలేని తల్లులు పసిబిడ్డలను అక్కడ వదిలి వెళ్ళేవారు. ఎప్పటికైనా తిరిగివస్తే బిడ్డను గుర్తించటానికి ఒక ఆనవాలు ఉంచేవారు: గుడ్డపీలిక, రిబ్బను, సగానికి తెంచిన నాణెం. ఆసుపత్రి దస్త్రాల్లో ఆ గుడ్డపీలికలు నేటికీ వేల సంఖ్యలో ఉన్నాయి. చేర్చుకున్న బిడ్డకు ఆసుపత్రివారు బాప్తిస్మం ఇచ్చి కొత్త పేరు పెట్టేవారు.

పిల్లల రూపచిత్రాన్నీ ఈ గుడ్డపీలికనూ పక్కపక్కన పెట్టి చూడటం అవసరం. ఒకటి కళ, మరొకటి దస్తావేజు అని విడదీయటం అలవాటు. కాని రెండూ చేసే పని ఒకటే. బిడ్డ దూరమైతే, బిడ్డ మారిపోతే, ‘వీరు నావారు’ అనటానికి చేతిలో ఏదో ఒకటి ఉండాలి. డబ్బున్నవారు నూనె రంగుల్లో ఆ ఆనవాలు కొనుక్కున్నారు. లేనివారు గౌను అంచు కత్తిరించి ఇచ్చారు.

మద్రాసు రేవు

భారతదేశంలోని కంపెనీ కుటుంబాలకు ఈ ఆనవాలు మరింత అవసరమైంది. పిల్లలు ఐదారేళ్ళు దాటకముందే ఇంగ్లండుకు పంపటం అక్కడి రివాజు. ఓడ చేరటానికి అయిదారు నెలలు, ఉత్తరానికి జవాబు రావటానికి ఏడాది. 1769లో టిల్లీ కెటిల్ మద్రాసులో దిగింది మొదలు బ్రిటిష్ చిత్రకారులు ఆ రేవుకు వస్తూనే ఉన్నారు. నవాబుల బొమ్మలతో పాటు వారికి తిండి పెట్టినది కుటుంబ చిత్రాలే.

ఆ చిత్రాల్లో లండన్ చిత్రాల్లో లేని ఒక మనిషి ఉంటుంది. ఆమె ఆయా. కంపెనీ డైరెక్టరు ఎడ్వర్డ్ హోల్డెన్ క్రటెన్డెన్ పిల్లలను రెనాల్డ్స్ గీసిన చిత్రం నేడు బ్రెజిల్‌లోని సావో పావ్లో మ్యూజియంలో ఉంది. పిల్లల పక్కన భారతీయ ఆయా నిలబడి ఉంది. పిల్లలకు ఇంటిపేరు ఉంది. ఆమెకు వృత్తి పేరే పేరు. యోహాన్ జొఫానీ 1786లో గీసిన కర్నల్ బ్లెయిర్ కుటుంబ చిత్రంలో ఈ తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. చిత్రం అంచున పిల్లిని ఎత్తుకుని ఒక భారతీయ బాలిక ఉంది. టేట్ సంగ్రహంలో ఆ చిత్రం పేరు ఆమెను ఆయా అంటుంది. చూస్తే ఆమె బ్లెయిర్ కూతుళ్ళ ఈడుదే. అంటే ఇది ముగ్గురు ఆడపిల్లల చిత్రం. ఇద్దరు మాత్రమే పిల్లలుగా లెక్కకు వచ్చారు.

దీనికి పూర్తిగా భిన్నమైనది 1785-86 నాటి పామర్ కుటుంబ చిత్రం. ఒకప్పుడు జొఫానీదిగా, తర్వాత ఫ్రాంచెస్కో రెనాల్డిదిగా భావించిన ఈ అసంపూర్ణ చిత్రంలో మేజర్ విలియం పామర్ పక్కన ఆయన మొగల్ భార్య ఫైజ్ బక్ష్ కూర్చుని ఉంది. ఒళ్ళో పసివాడు, చుట్టూ పిల్లలు, బంధుస్త్రీలు. వారిలో ఉన్న చిన్న విలియమ్ పెద్దవాడై హైదరాబాదులో పామర్ అండ్ కంపెనీ అనే వడ్డీ వ్యాపార సంస్థను నడిపాడు. నిజాం ఖజానాను అప్పుల్లో ముంచిన వ్యవహారంలో ఆ సంస్థ పేరు చరిత్రకెక్కింది. ఆ చిత్రంలో తల్లి మధ్యలో ఉంది. పిల్లలు ఎక్కడివారో ఎవరినీ అడగనక్కర లేదు.

తల్లి లేని చిత్రం

ఇరవై ఏళ్ళ తర్వాత గీసిన కిర్క్‌పాట్రిక్ పిల్లల చిత్రంలో తల్లి లేదు. ఈ ఇరవై ఏళ్ళలో చాలా మారింది. భారతీయ తల్లులకు పుట్టినవారికి తన సివిల్, సైనిక కొలువుల తలుపులను కంపెనీ 1791లో మూసివేసింది. కిర్క్‌పాట్రిక్ పెళ్ళి మీదనే విచారణలు జరిగాయి. పిల్లలకు ఇక్కడ భవిష్యత్తు లేదని తండ్రి అనుకోవటానికి కారణాలున్నాయి. అతన్ని కఠినుడిగా చిత్రించటం సులభం, కాని న్యాయం కాదు. హైదరాబాదు కోఠీలోని రెసిడెన్సీ భవనాన్ని కట్టించినవాడు, తర్వాత కూల్చివేసిన రంగమహల్‌ను భార్య కోసం నిర్మించినవాడు అతనే. పిల్లల ఓడ కదిలిన నెల తర్వాత, 1805 అక్టోబరు 15న, అతను కలకత్తాలో చనిపోయాడు. పిల్లలను పంపాలన్న నిర్ణయంలో తల్లి మాట నెగ్గలేదు. ఆమెకు దక్కినది ఈ బొమ్మ.

ఈ సంగతి తెలిశాక చిత్రాన్ని మళ్ళీ చూడాలి. లండన్ బాలచిత్రాలు అతిథులు వచ్చే గదిలో వేలాడేవి. వచ్చేపోయేవారందరికీ వంశాన్ని, సంపదను చూపేవి. ఈ చిత్రం చేరినది పరదా లోపలికి. దీనికి ప్రధాన ప్రేక్షకురాలు ఒక్కరే. చినరీ ఆమెను చూసి ఉండే అవకాశం లేదు. ఐనా పిల్లవాడి నేరు చూపు ఎక్కడ నిలుస్తుందో ఆ చోటు ఆమెదే. మ్యూజియం సందర్శకులు గాని పుస్తకం పుటలు తిప్పేవారు గాని నేడు ఆమె స్థానంలో నిలబడి చూస్తున్నారు.

రెనాల్డ్స్ చిత్రాల్లోని పిల్లలకు ఏమీ తెలియదు. వారి ఆకర్షణంతా అందులోనే ఉంది. సాహిబ్ బేగం ముఖం అలా లేదు. ఆమెకు ఏదో తెలుసు. మూడేళ్ళ పిల్లకు సముద్రం, ఇంగ్లండు అర్థమయ్యాయని కాదు. తల్లి దగ్గర లేదని అర్థమైంది. వదులు గౌన్లు, కుక్కపిల్లలు, తోటలు ఇవేవీ లేకుండా, ముత్యాల బరువు కింద నిలబెట్టి గీసిన ఈ చిత్రంలో, ఆ శతాబ్దపు పేరుమోసిన చిత్రాలన్నిటి కంటే నిజమైన పసితనం కనిపించటం విచిత్రం. చినరీ వృత్తి నైపుణ్యం పిల్లను నవ్వించలేకపోయింది. ఆ ఓటమిని దిద్దకుండా ఉంచటమే అతని గొప్ప.

సందేహించేవారు ఒక మాట అనవచ్చు. ఇది కూడా హోదా ప్రదర్శనే కదా? ఆ జరీ, ఆ ముత్యాలు రెసిడెంటు ఇంటి సంపద కావా? అవును, అవే. కాని ఆ బట్టలకు ఇంకొక అర్థం కూడా ఉంది. 1806 మార్చిలో లండన్‌లోని మేరిలెబన్ చర్చిలో పిల్లలకు బాప్తిస్మం ఇచ్చి విలియం జార్జ్ అనీ, కేథరిన్ అరోరా అనీ పేర్లు మార్చారు. హైదరాబాదు దుస్తులు, హైదరాబాదు పేర్లు రెండూ ఆనాటితో ముగిశాయి. ఫౌండ్లింగ్ ఆసుపత్రిలో జరిగినదే ఇక్కడా జరిగింది, గుమ్మం మాత్రం వేరు. చిత్రంలోని జామా ఇక తొడుక్కోబోని జామా. తల్లి చేతిలో మిగిలిన గుడ్డపీలిక అది.

బొమ్మ ప్రయాణం

భర్త పోయాక ఖైరున్నీసా జీవితం మరింత చిక్కుపడింది. కిర్క్‌పాట్రిక్ దగ్గర సహాయకుడిగా పనిచేసిన హెన్రీ రస్సెల్‌తో అనుబంధం, ఆ కారణంగా హైదరాబాదు నుండి వెలివేత, మచిలీపట్నంలో ఎదురుచూపు. రస్సెల్ 1808లో మద్రాసులో మరొకరిని పెళ్ళాడాడు. ఆమె చివరికి హైదరాబాదు చేరి 1813లో, ఇంకా ముప్పై నిండకుండానే, కన్నుమూసింది. బొమ్మ కాలక్రమంలో రస్సెల్ చేతికి చేరి, ఇంగ్లండులో స్వాలోఫీల్డ్ అనే అతని ఇంటి గోడకెక్కింది.

కొడుకు విలియం 1828లో చనిపోయాడు. కూతురు కిట్టీ అందగత్తెగా పేరు పొందింది. యువకుడైన థామస్ కార్లైల్ ఆమెను ఎరుగును, అతని ‘సార్టర్ రిసార్టస్’లోని నాయిక బ్లూమీనాకు ఆమే మూలమని చాలామంది నమ్మకం. పెళ్ళయి, పిల్లల తల్లి అయ్యాక, నలభై ఏళ్ళ వయసు ప్రాంతంలో ఆమె స్వాలోఫీల్డ్‌కు వెళ్ళి ఆ గోడ మీద తనను తాను చూసుకుంది. కన్నీళ్ళు ఆపుకోలేకపోయింది. ఆ కాలంలోనే హైదరాబాదులో బతికే ఉన్న అమ్మమ్మ షరఫున్నీసాకూ ఆమెకూ ఉత్తరాలు మొదలయ్యాయి. అమ్మమ్మ పారసీలో చెప్పి రాయించేది. విడిపోయిన రోజున తల్లి ఏడ్చిన ఏడుపు, ఆమె కూర్చున్న చోటు తనకు గుర్తున్నాయని కిట్టీ రాసింది. ఇద్దరూ కలుసుకోలేదు. 1847లో అమ్మమ్మ పోయింది. రస్సెల్ తన వీలునామాలో బొమ్మను కిట్టీకి ఇచ్చాడు. ఆమె 1889లో టార్కీలో చనిపోయింది. నేడు ఆ చిత్రం హాంకాంగ్‌లో ఒక బ్యాంకు సంగ్రహంలో ఉంది.

తల్లి బిడ్డలను గుర్తుంచుకోవటానికి వేయించిన బొమ్మ చివరికి బిడ్డకు తల్లిని గుర్తుచేసింది. బాలచిత్రాన్ని బాల్యం గురించిన భావాల చరిత్రగా మాత్రమే చదివే విమర్శకు ఈ మలుపు అందదు. ఎవరి కోసం గీశారు, ఎవరి చేతుల్లోకి పోయింది, ఎవరి పేరు చెరిగింది అని అడిగే విమర్శకే అందుతుంది.

సులైబియా నుండి చూస్తే

ఈ ప్రశ్నలు పాతబడలేదు. కువైట్ నగరానికి పశ్చిమాన సులైబియాలో కూరగాయల టోకు మార్కెట్టు ఉంది. చుట్టుపక్కల తోటలు, గిడ్డంగులు, కూలీల గదులు ఉన్నాయి. కడప, అన్నమయ్య జిల్లాల నుండి, గోదావరి జిల్లాల నుండి కువైట్ చేరిన తెలుగువారికి ఇలాంటి చోట్లు తెలుసు. ఇక్కడ ప్రయాణం తిరగబడింది. ఓడెక్కినది పిల్లలు కాదు, తల్లిదండ్రులు. ఇళ్ళలో పనికి ఖద్దామా వీసా మీద వచ్చిన తల్లి తన బిడ్డను వెంట తెచ్చుకోలేదు. ఆ వీసాకు ఆ హక్కు లేదు. రాయచోటిలోనో రాజంపేటలోనో అమ్మమ్మ దగ్గర బిడ్డ పెరుగుతుంది. తల్లి ఇక్కడ మరొకరి బిడ్డను ఎత్తుకుని తిరుగుతుంది. ఆ ఇంటి ఫోటోల్లో అప్పుడప్పుడు ఆమె కూడా అంచున పడుతుంది, క్రటెన్డెన్ పిల్లల ఆయాలాగ, పేరు లేకుండా.

విదేశాల్లో వృత్తి ఉద్యోగాలు చేసుకునే తెలుగువారికి లండన్, పారిస్ గేలరీలు దూరం కావు. రెనాల్డ్స్ పిల్లల ముందు నిలబడి ముచ్చటపడటంలో తప్పేమీ లేదు. అదే గదిలో, చట్రం అంచున ఉన్న ఆయా ముందు కూడా అంతసేపు నిలబడి, ఆమె పిల్లలు ఆ సమయంలో ఎవరి దగ్గర ఉన్నారో అడగాలి. పద్దెనిమిదో శతాబ్దం ఆ పిల్లల బొమ్మలు గీయలేదు.

ఇప్పుడు ఆ బొమ్మలు ఉన్నాయి. పాఠశాల దుస్తులు తొడిగి, తల దువ్వి, బొట్టు పెట్టి, అమ్మమ్మ పిల్లవాణ్ణి ఊళ్ళో ఫోటో స్టూడియోకు తీసుకుపోతుంది, లేదా వాకిట్లో నిలబెట్టి ఫోనులో తీయిస్తుంది. రాత్రి పని ముగిశాక కువైట్‌లో ఒక చిన్న గదిలో ఆ బొమ్మ తెరుచుకుంటుంది. పిల్లవాడు కెమెరా వైపు నేరుగా చూస్తుంటాడు. అవతల చూసేది ఎవరో వాడికి తెలుసు.